రెండో భాగంలోని పడవవాడు

వీడియో గేముల్లో మొదటి భాగం గొప్పదా, రెండో భాగం గొప్పదా అనే వాదన మానవజాతికి దక్కిన వరమని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. నేను నలభై ఆరేళ్ళవాణ్ణి. దగ్గరికొకటి, దూరానికొకటి రెండు జతల కళ్ళద్దాలు వాడతాను. ఆలోచించకుండా ఏదీ రాయను.

ఈ వాదనంటే చాలామందికి చులకన. పనీపాటా లేనివాళ్ళ కబుర్లని తీసిపారేస్తారు. పనీపాటా ఉన్నవాళ్ళు ఇన్నాళ్ళూ ఏం ఒరగబెట్టారో మాత్రం చెప్పరు!

మీరే చెప్పండి. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకోవాలంటే ఇవాళ ఏ విషయం మిగిలింది? రాజకీయాలు ఎత్తితే స్నేహాలు చెడతాయి. ఆస్తులు ఎత్తితే అన్నదమ్ములు చెడతారు. ఆరోగ్యం ఎత్తితే ఇద్దరికీ భయమేస్తుంది. వాతావరణం చూద్దామా అంటే మూడు నిమిషాల్లో అయిపోతుంది. వానొచ్చేలా ఉందని ఒకరంటే, అవును వచ్చేలానే ఉందని రెండోవారు అనాలి. అంతకుమించి ఎవరి దగ్గరా సరుకు లేదు.

సీక్వెల్ సంగతి అలా కాదు. ఎంత తవ్వినా తరగదు. ఎవరి కొంపా మునగదు. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు, తీర్పు ఎప్పటికీ రాదు. మొదటిదాంట్లో ఆత్మ ఉందని ఒకరంటారు. రెండోదాంట్లో గ్రాఫిక్స్ ఉన్నాయని ఇంకొకరంటారు. ఆత్మను ఎవరూ చూడలేదు కాబట్టి వాదన ముందుకు సాగుతుంది.

మా బావ, అంటే మా చెల్లెలి భర్త, లిఫ్టులు బాగుచేసే ఇంజినీరు. ఒకసారి పదకొండో అంతస్తుకీ పన్నెండో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయి ముగ్గురు మనుషులు ఇరుక్కుపోయారు. అందులో ఒకాయనకు గాభరా ఎక్కువ. తలుపులు బాదుతున్నాడట. పక్కనున్నావిడ అతని చొక్కా మీది గేము బొమ్మ చూసి, "దీని రెండో భాగం పరమ చెత్త కదండీ" అంది. అంతే! గాభరా ఎగిరిపోయింది. రెండు గంటల తర్వాత మా బావ తలుపు తెరిచి, బయటికి రండి అంటే, "ఒక్క నిమిషం, ఈవిడ పాయింటుకి జవాబు చెప్పి వస్తా" అన్నాడట. మా బావ మళ్ళీ తలుపు మూయాల్సి వచ్చింది.

ఇంకొకటి వినండి. నాకు తెలిసిన ఒక విడాకుల లాయరు దగ్గరికి ఒక జంట వచ్చింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. సామాన్లు ఎలా పంచుకుంటారని లాయరు అడిగితే, ఒక గేము మొదటి భాగం నాదంటే నాదన్నారు ఇద్దరూ. రెండో భాగం మాత్రం నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అన్నారు. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి! ఆ ఆశ్చర్యంలోంచి తేరుకోలేక కలిసి ఇంటికి వెళ్ళిపోయారు. లాయరు ఇప్పటికీ సీక్వెళ్ళను తిడుతూ ఉంటాడు.

మా వీధి పార్కులో ఉదయం నడకకు వచ్చే రిటైర్డ్ జడ్జిగారు ఒకరున్నారు. ముప్పై ఏళ్ళు తీర్పులు చెప్పిన మనిషి. ఇద్దరు కాలేజీ పిల్లలు ఆయన్ని ఈ తగవు తీర్చమని అడిగారు. ఇరుపక్షాల వాదనలూ విని, తీర్పు వాయిదా వేశారు. అది జరిగి ఏడాదిన్నర అయింది. ఆ పిల్లలు రోజూ పార్కుకు వస్తున్నారు. వాళ్ళ నడుములు సన్నబడ్డాయి!

ఈ విషయంలో నేను ఒక సర్వే కూడా చేశాను. పాల్గొన్నవారు ముగ్గురు. నేను, మా ఆవిడ, మెట్ల మీద ఎదురైన పక్క ఫ్లాటాయన. నూటికి అరవై ఆరుమంది ఈ వాదన మంచిదేనన్నారు. మిగిలిన ముప్పై నాలుగుమంది, అంటే మా ఆవిడ, "ముందు ఆ గీజరు సంగతి చూడండి" అన్నారు.

ఇక సొంత అనుభవానికి వస్తాను.

నాకొక చెల్లెలుంది. నాకంటే నాలుగేళ్ళు చిన్న. వేరే ఊళ్ళో కళ్ళద్దాల దుకాణం నడుపుతుంది. వచ్చినవాళ్ళను చీకటి గదిలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన చట్రం పెట్టి, అందులో ఒక అద్దం వేసి, తీసి, మరో అద్దం వేసి, "మొదటిది బాగుందా, రెండోది బాగుందా?" అని రోజుకు నలభైమందిని అడుగుతుంది. ఈ వాదన కోసమే పుట్టిన మనిషి కాకపోతే మరేమిటి?

ఆమె పనిలో ఒక కిటుకుంది. ఒకసారి తనే చెప్పింది. కొంతమంది చూపు ఆనకపోయినా ఒప్పుకోరట. ముఖ్యంగా బళ్ళు నడిపేవాళ్ళు. కళ్ళు బాగానే ఉన్నాయని కాగితం కావాలి వాళ్ళకు. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, లోపలివాళ్ళు చదివే అక్షరాల చార్టును చెవులారా విని కంఠతా పట్టేస్తారు. తమ వంతు రాగానే గోడవైపు చూసి గడగడా అప్పజెబుతారు.

అందుకని ఆమె సొరుగులో రెండో చార్టు ఒకటి ఉంటుంది. చూడ్డానికి అచ్చం మొదటిదే. నాలుగో వరసలో ఒక్క అక్షరం మాత్రం వేరు. కళ్ళతో చూసేవాడు కొత్త అక్షరం చదువుతాడు. కంఠతా పట్టినవాడు గోడ మీద లేని అక్షరాన్ని ధీమాగా చదివేస్తాడు.

"దొరికిపోయాక ఏం చేస్తావే?" అని అడిగాను.

"ఏం చేస్తాను? నాకేమీ తెలియనట్టే ఉండి, సరైన అద్దాలిచ్చి పంపిస్తా. ముఖం మీద అనేస్తే మళ్ళీ రారు అన్నయ్యా."

ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

మా అన్నాచెల్లెళ్ళ మధ్య ఉన్న వివాదం "లాంతరు కోట" అనే ఆట గురించి. మొదటి భాగం వచ్చినప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను, తను హైస్కూల్లో ఉంది. అందులో ఇద్దరు మనుషులు ఒక పాడుపడ్డ కోటలోకి వెళతారు. ఒకరి చేతిలో లాంతరు, మరొకరి చేతిలో తాళాల గుత్తి. లాంతరున్నవారు తలుపు తీయలేరు. తాళాలున్నవారికి లాంతరు లేకపోతే కన్నుపొడుచుకున్నా ఏమీ కనిపించదు. అందుకని ఇద్దరూ ఒకే టీవీ ముందు, పక్కపక్కన కూర్చుని, చెరొక కంట్రోలరూ పట్టుకుని ఆడాలి.

పెద్దవాణ్ణి కాబట్టి తాళాలు నావి. రెండు వేసవి సెలవులు తను లాంతరే మోసింది. నా మీద కోపం వస్తే లాంతరు పక్కకు తిప్పేసేది. నేను దభీమని గోతిలో పడేవాణ్ణి. పడ్డాక, "చూసుకుని నడువు అన్నయ్యా" అనేది.

తొమ్మిదేళ్ళ కిందట రెండో భాగం వచ్చింది. అప్పటికి తనకు పెళ్ళయింది, దుకాణం పెట్టింది. మా ఫోన్ సంభాషణలు ఎలా ఉండేవో మీకు చెప్పాలి.

"బాగున్నావా?"

"ఆ, బాగున్నా. నువ్వు?"

"ఆ. బావ బాగున్నాడా?"

"ఆ. వదిన?"

"ఆ. సరే, ఉంటా మరి."

పదకొండు సెకన్లు! ఒకసారి గడియారం పెట్టి చూశాను. మా మధ్య ఏ గొడవా లేదు. ప్రేమకు లోటు లేదు. మాటలే లేవు. వారానికి ఒకసారి జరిగే ఈ కార్యక్రమం నెలకొకటయింది, ఆ ఒక్కటి కూడా ఎవరు చేయాలో తేలక జారిపోతూ వచ్చింది.

రెండో భాగం వచ్చాక ఒక ఆదివారం పొద్దున పది గంటలకు తను ఫోన్ చేసి, "బాగున్నావా" అని కూడా అనకుండా, "మొదటిదే బాగుంది" అంది.

"రెండోదే బాగుంది" అన్నాను.

ఆ ఫోన్ గంటా పది నిమిషాలు నడిచింది. అప్పటినుంచి తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం పది గంటలకు మాకు ఇదే పని. సగటున గంటా పది నిమిషాలు! మాటల మధ్యలో దారి తప్పి బావ మోకాలి నొప్పీ, మా ఆవిడ బదిలీ, తన దుకాణం ముందు తవ్విన రోడ్డూ, అన్నీ వచ్చి పోతుంటాయి. పదకొండు సెకన్లలో ఇవేవీ పట్టేవి కావు.

నేను రెండో భాగం పక్షం ఎందుకు తీసుకున్నానంటారా? తను మొదటిది తీసుకుంది కాబట్టి! ఇద్దరం ఒకే మాట మీద ఉంటే ఫోన్ ఎంతసేపు సాగుతుంది?

నా వాదన చాలా పటిష్ఠమైనది. రెండో భాగంలో నలభై కిలోమీటర్ల అడవి ఉంది. ప్రతి ఆకూ విడివిడిగా కదులుతుంది. అన్నిటికంటే ముఖ్యం, లాంతరును ఎవరూ మోయక్కర్లేదు. అది తనంతట తానే భుజం పక్కన గాల్లో తేలుతూ వస్తుంది. ఆట కూడా ఒక్కరే హాయిగా ఆడుకోవచ్చు. ఇంకొకరి కోసం ఎదురుచూడ్డం, ఇంకొకరు గోతిలో పడేయడం, ఇలాంటి బాధలేవీ లేవు. ప్రగతి అంటే ఇదే కదా?

దీనికి మా చెల్లెలు ఒకసారి, "లాంతరు నేను పట్టుకుంటేనే నీకు దారి కనిపించేది. ఇప్పుడు అదే ఎగురుతోందిగా. ఇంక నేనెందుకు?" అంది.

అది బలహీనమైన వాదనని నేను అక్కడికక్కడే తేల్చేశాను.

మా ఆవిడ లెక్కల టీచరు. ఆదివారం పదకొండు దాటాక వంటింట్లోంచి వచ్చి, "అయిందా మీ అన్నాచెల్లెళ్ళ యుద్ధం? ఆ గంటసేపు పోట్లాడుకోకపోతే మీకు ముద్ద దిగదు" అంటుంది. ఆమె లెక్కలు ఎప్పుడూ తప్పవు.

ఇప్పుడు మీకొక రహస్యం చెప్పాలి.

నేను రెండో భాగం ఆడలేదు.

విడుదలైన రోజే కొన్నాను. ఆ వారం చెల్లెలు వస్తానంది. పాత కంట్రోలర్లు రెండూ బయటికి తీసి, బటన్ల సందుల్లోని దుమ్మును పళ్ళు కుట్టుకునే పుల్లతో తీశాను. కుర్చీలు రెండూ టీవీ ముందుకు జరిపాను. కూర్చుని, డబ్బా వెనక్కి తిప్పి చదివాను. "ఆడేవారి సంఖ్య: 1" అని ఉంది. దగ్గరి అద్దాలతో చదివాను, దూరపు అద్దాలతో చదివాను. ఒకటే.

నాకు బాధేసింది. ముప్పై ఏడేళ్ళవాడు ఆట కోసం ముఖం వేలాడేశాడంటారని ఎవరికీ చెప్పలేదు. చెల్లెలికి ఫోన్ చేసి, "దుకాణంలో పనుంటే రాకపోయినా ఫరవాలేదు" అన్నాను. "ఆ, పనుంది అన్నయ్యా" అంది. కుర్చీలు వెనక్కి జరిపేశాను. డబ్బా మీది ప్లాస్టిక్ కాగితం కూడా చింపకుండా నిఘంటువు పక్కన పెట్టేశాను.

మరి తొమ్మిదేళ్ళు ఎలా వాదించావయ్యా అంటారేమో. ఒక కాలమిస్టును అడగాల్సిన ప్రశ్నేనా అది? ఆడినవాళ్ళు రాసిన సమీక్షలు చదివాను. ఆడుతున్నవాళ్ళ వీడియోలు ఆఫీసులో భోజనాల వేళ చూశాను. వినికిడి మీద మొత్తం అప్పజెప్పేశాను.

ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం మా చెల్లెలు, "అన్నీ ఒప్పుకోను గానీ, రెండోదాంట్లో ఆ పడవవాడి పాత్ర మాత్రం బాగుంది అన్నయ్యా" అంది.

నేను ఎగిరి గంతేశాను. శత్రువు నోట మన పక్షం మాట! "పడవవాడా! ఆ ఒక్క పాత్ర చాలదూ? మొదటి భాగం మొత్తం వెతికినా అలాంటి మనిషి దొరుకుతాడా?" అన్నాను.

ఆరోజు నుంచి ఆ పడవవాడు నా ప్రధాన సాక్షి అయ్యాడు. అతని దగ్గు, అతని మౌనం, తప్పిపోయిన తమ్ముడి కోసం రోజూ అవతలి గట్టు వైపు చూసే ఆ చూపు, అన్నిటి గురించీ మాట్లాడాను. రెండేళ్ళ కిందట ఇదే కాలమ్‌లో అతని గురించి రాశాను కూడా. ఆ ఘట్టం ఆడుతూ తాను వెక్కి వెక్కి ఏడ్చానని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు.

పోయిన నెల మూడో భాగం ట్రైలర్ వచ్చింది. ఆ ఆదివారం చెల్లెలు మాటల్లో మాటగా, "అన్నయ్యా, పడవవాడి పడవ ఏ రంగు? మర్చిపోయా" అంది.

"చూసి చెబుతా" అన్నాను.

ఏదో ఒక రంగు చెప్పి ఉండొచ్చు. కానీ ఆరేళ్ళుగా నా తరఫున సాక్ష్యం చెబుతున్న మనిషికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలనిపించింది. ఆఫీసుకు జ్వరమని చెప్పి మూడు రోజులు సెలవు పెట్టాను. నిఘంటువు పక్కనుంచి డబ్బా తీసి, ప్లాస్టిక్ కాగితం చింపాను.

అడవి నిజంగానే నలభై కిలోమీటర్లుంది. ఆకులు నిజంగానే విడివిడిగా కదిలాయి. లాంతరు భుజం పక్కన తేలుతూ వచ్చింది. నేను గోతిలో పడితే అది ఏమీ అనలేదు. ఊరికే వెలుగుతూ నిలబడింది.

మూడో రోజు మధ్యాహ్నం మా ఆవిడ స్కూలు నుంచి వచ్చి, "ఏమండీ, ఏం వెతుకుతున్నారు?" అంది.

"నదిని."

"ఏ నదిని?"

"పడవవాడు ఉండే నదిని."

చివరికి ఆ ఆట అభిమానులు కూడే ఆన్‌లైన్ ఫోరంలో, పడవవాడు ఎన్నో అంకంలో వస్తాడో దయచేసి చెప్పగలరు అని అడిగాను. గుడ్లగూబ అనే మారుపేరుతో ఒకరు జవాబిచ్చారు. "అయ్యా, నేను ఈ ఆట పదకొండుసార్లు పూర్తి చేశాను. ఇందులో పడవవాడు లేడు. నది లేదు. అసలు నీళ్ళే లేవు. ఒక బావి ఉంది, అదీ ఎండిపోయింది."

నేను కంట్రోలర్ కింద పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది మా చెల్లెలి సొరుగు.

నాలుగో వరసలో అక్షరం మార్చింది! ఆరేళ్ళ కిందటే మార్చింది. గోడ మీద లేని అక్షరాన్ని నేను ఆరేళ్ళుగా ఎలుగెత్తి చదువుతున్నాను. దానికి దగ్గు కూడా తగిలించాను. తనేమో ఏమీ తెలియనట్టు ప్రతి ఆదివారం పది గంటలకు ఫోనెత్తుతోంది. ముఖం మీద అనేస్తే మళ్ళీ రారు కదా!

విషయం చెబితే మా ఆవిడ, "ఇంకేముంది, ఒప్పేసుకోండి. నవ్వేసి ఊరుకుంటుంది" అంది.

నవ్వుతుంది, నిజమే. నవ్వడానికి ఒక ఆదివారం సరిపోతుంది. ఆ తర్వాతి ఆదివారం? "బాగున్నావా?" "ఆ, బాగున్నా. నువ్వు?" నాకు భయమేసింది. ఆట గురించి కాదు. ఆ పదకొండు సెకన్ల గురించి.

ఆదివారం పది కాకముందే నేనే ఫోన్ చేశాను.

"చూశావా?" అంది.

"చూశా. ఆకుపచ్చ."



"ఆకుపచ్చా? నీలమని గుర్తే నాకు."

"మొదట్లో నీలమే. మధ్యలో రంగు వేస్తాడు కదా."

"అవునవును. బ్రష్షు లేక గుడ్డతో వేస్తాడు."

గుడ్డ సంగతి నాకు తెలియదు! నాకు ఒళ్ళు మండింది. సొరుగు తనొక్కదానికేనా ఉంది? "అంతా బాగుంది గానీ, అవతలి గట్టున ఆ గడియారం గోపురం ఎందుకు పెట్టారో. శుద్ధ అనవసరం" అన్నాను.

"అనవసరమా!" అంది. "ఆ గోపురం లేకపోతే పడవవాడికి టైమెలా తెలుస్తుంది? నువ్వసలు దాని పైకి ఎక్కావా?"

"ఎక్కకుండా ఎలా ఉంటాను?"

"మరి ఆ మెట్ల దగ్గర ఎంత చీకటో చూడలేదా? అక్కడ లాంతరు గాల్లో తేలదు అన్నయ్యా. ఎవరో ఒకరు పట్టుకోవాలి."

"ఎవరు పట్టుకుంటారు?"

"ఇంకెవరు? నేనే. తాళాలు నీ దగ్గరున్నాయిగా."

 తను కూడా డబ్బా తెరవలేదో, తెరిచి పక్కన పెట్టేసిందో నేను అడగలేదు. తనూ నన్ను అడగలేదు. మెట్లెక్కుతూ పోయాం. పైన మూడు తలుపులున్నాయంది. నాలుగన్నాను. దాని మీదే అరగంట పట్టింది. ఫోన్ పెట్టేసరికి రెండు గంటలయింది. మా ఆవిడ వచ్చి నా ముఖం చూసి, యుద్ధం సంగతి అడగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాబట్టి ఆట తయారుచేసిన కంపెనీ పెద్దలకు నాదొక చిన్న మనవి. మీరు అడవి ఇచ్చారు, సంతోషం. ప్రతి ఆకునూ విడిగా కదిలించారు, మీ ఓపికకు దండం. అంత అడవిలో రెండో మనిషి కూర్చోవడానికి ఒక కుర్చీ అంత చోటు మీకు దొరకలేదా? లాంతరు మోయడం మాకు బరువని మీకెవరు చెప్పారు?

మొదటి భాగమే బాగుంది. తొమ్మిదేళ్ళుగా నాకు తెలుసు. ఈ మాట మా చెల్లెలికి చేరకుండా చూసే బాధ్యత పాఠకులది.

ఆ బాధ్యత మీరు మోయకపోయినా ప్రమాదం లేదనుకోండి. ఆమె ఈ కాలమ్ చదవదు. మొదటి ఏడాది రాసినవే బాగుండేవని, ఆ తర్వాత చదవడం మానేశానని ఎన్నోసార్లు చెప్పింది. పోయిన వారం దాంట్లో మూడో పేరా అనవసరమని కూడా తనే చెప్పింది.